వ్యసనమునకు క్షేత్రమెక్కడ?

జూదము, మాంసము, మద్యము, వేశ్య, వేట, దొంగతనము, పరస్త్రీ అని సప్తవ్యసనములను వ్రేళ్లు మడిచి లెక్కపెట్టించుట మన ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పు తొలిపాఠములలో ఒకటి. మూడవ వ్రేలు మడిచి "మద్యము" అని పలికిన ఆ పిల్లవాడే ఇరువది ఏండ్లు నిండకముందే పటాలములో చేరి, అక్కడ త్రాగుడుకో మత్తుమందుకో లోబడి, ఆసుపత్రిలో కొన్ని వారములు ఉండి, ఇప్పుడు ఇంటికి వచ్చుచున్నాడనుకొందము. వానికి మనమేమి చెప్పవలెను? మరల ఆ మూడవ వ్రేలే మడిపింతుమా? ఆ పాఠము వానికి వచ్చును. పాఠము వచ్చియే పడిపోయినాడు.

ఒక విషయమును విచారించునప్పుడు మన పండితులు ద్రవ్య, క్షేత్ర, కాల, భావములను నాలుగింటిని కలిపి విచారింతురు. కర్మము ఉదయమునకు వచ్చి ఫలించుటకు కూడ ఈ నాలుగును నిమిత్తములని చెప్పుదురు. త్రాగుబోతును గూర్చి మాటలాడునప్పుడు మాత్రము మనము ఇందులో రెండింటిని విడిచిపెట్టుదుము. ద్రవ్యమును, అనగా సీసాను తిట్టుదుము. లేదా భావమును, అనగా వాని మనస్సును తిట్టుదుము. ఏ చోట త్రాగినాడు, ఏ సమయమున త్రాగినాడు, ఇప్పుడు ఏ చోటికి తిరిగి వచ్చుచున్నాడు అని అడుగువారు అరుదు. ఆ అడుగని ప్రశ్నలనే ఈ పాఠములో తీసికొందము. సైనిక యువకుల విషయములో క్షేత్రమునకు గల బలమును వైద్యశాస్త్రము 1970 తరువాత అంకెలతో నిరూపించినది. శ్రావకాచారము దానిని చాల ముందే వ్రతరూపమున చెప్పియున్నది.

జైనుని బిడ్డకు పటాలమేమిటి అని కొందరు అడుగవచ్చును. గృహస్థు పూర్తిగా విడువవలసినది సంకల్పీ హింస. ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ హింసలు గృహజీవితమున పూర్తిగా తప్పించుకొన వీలుకానివని పెద్దలు భేదము చెప్పియున్నారు. శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని నిలిపిన చావుండరాయుడు గంగరాజుల మంత్రి, సేనాని. మన తెలుగుదేశమున 10వ శతాబ్దిలో తూర్పు చాళుక్యుడైన రెండవ అమ్మరాజు కాలమున, కటకాధిపతియైన దుర్గరాజు కటకాభరణ జినాలయము కట్టించినట్లు మలియపూండి శాసనము చెప్పుచున్నది. కటకమనగా సేనలు దిగు విడిది. కావున సేనలో ఉన్న శ్రావకుడు మన చరిత్రకు కొత్తవాడు కాడు. ఈ శంకను ఇంతటితో విడుతము.

మత్తుకును సేనకును చుట్టరికము పాతది. ఇంగ్లండు నౌకాదళములో నావికులకు దినమునకొక కొలత రమ్ము సర్కారే పోయించుచుండెడిది. ఆ ఆచారము 1970 జూలై 31వ తేదీన గాని ఆగలేదు. మన సేనలోను ఆ కాలపు వాసన కొంత మిగిలియున్నది. కాంటీనులో రమ్ము బయటి ధరకన్న తక్కువకు దొరకును. అదే సమయమున 1950 నాటి సైనిక చట్టము 48వ సెక్షను ప్రకారము, పనిమీద ఉన్నను లేకున్నను మత్తులో కనబడుట శిక్షార్హమైన నేరము. సిపాయి ఆరోగ్యమును "షేప్" అను మాటలోని అయిదు ఆంగ్లాక్షరములతో కొలుతురు. అందులో మొదటి అక్షరము మనఃస్థితికి గుర్తు. త్రాగుడు వ్యాధిగా ముదిరిన సిపాయికి సైనిక ఆసుపత్రిలోని మానసిక వైద్యుడు చికిత్స చేసి, ఆ మొదటి అక్షరములో వాని తరగతి తగ్గించి, కొంతకాలము కనిపెట్టి చూచుట వాడుక. ఒక చేత అమ్మి, ఒక చేత శిక్షించి, మూడవ చేత వైద్యము చేయు ఈ పద్ధతి నాకు వింతగానే తోచును. అయినను ఆ మూడవ చేయి నిజముగా ఉన్నది. శిక్షకు జడిసి దాచుకొను యువకునికి అది అందదు.

వియత్నాం సిపాయిల కథ

సైనికుల మత్తు అలవాటును గూర్చి మిక్కిలి శ్రద్ధగా పరీక్షింపబడిన ఉదాహరణము అమెరికా సిపాయిలది. దానిని కొంచెము నిదానముగా చూడవలెను.

వియత్నాం యుద్ధమునకు అమెరికా పంపిన సిపాయిలలో పెక్కురు ఇరువది ఏండ్ల ఈడువారు. అక్కడ ఒక్కొక్కరి కొలువు సుమారు 12 నెలలు. 1970 నాటికి ఆ దేశములో హెరాయిన్ విచ్చలవిడిగా దొరకసాగెను. ఇది నల్లమందునుండి తీయు తెల్లని పొడి. అమెరికా వీధులలో అమ్ముడుపోవునది కల్తీది, ఖరీదైనది. కొంచెమును వృథా కానీయక సూదితో ఎక్కించుకొనెడివారు. వియత్నాంలో దొరకినది చవుక, మిక్కిలి శుద్ధమైనది. సిగరెట్టు పొగాకులో కలిపి పీల్చినను తలకెక్కును. శిబిరముల చుట్టుపట్లనే దొరకెడిది.

1971 మే నెలలో రాబర్టు స్టీలు, మోర్గన్ మర్ఫీ అను ఇద్దరు కాంగ్రెసు సభ్యులు అక్కడి పరిస్థితి చూచివచ్చి, సిపాయిలలో నూటికి 10 నుండి 15 మంది వరకు హెరాయిన్‌కు దాసులైరని ప్రకటించిరి. దేశము అదరిపడినది. వీరందరు తుపాకి పట్టుట నేర్చినవారు. రేపు మత్తుకై తిరుగుచు మన వీధులలో దిగుదురే అని జనులు భయపడిరి. జూన్ 17వ తేదీన అధ్యక్షుడు నిక్సను మాదకద్రవ్యముల వ్యసనము దేశమునకు మొదటి శత్రువని చెప్పి, ఒక ప్రత్యేక కార్యాలయమును ఏర్పరచి, జెరోం జాఫీ అను మానసిక వైద్యుని దానికి అధిపతిగా నియమించెను.

జాఫీ చేసిన ఏర్పాటు ఇది. తిరుగు విమానమెక్కు ప్రతి సిపాయియు మూత్రపరీక్ష ఇయ్యవలెను. అందులో నల్లమందు జాతి మత్తు కనబడినచో వానికి ఆ విమానము లేదు. అక్కడనే కొన్ని దినములు నిలిపి, మత్తు దిగువరకు చికిత్స చేసి పిమ్మట పంపుదురు. పరీక్ష ఉన్నదని సిపాయిలకు ముందే తెలియును. ఇంటికి పోవలెనను ఆశ ఎంత బలమైనదో చూడుడు: వ్యసనపరులలో చాలమంది విమానమునకు ముందుగా తామే మానివేసిరి. మానలేనివారును, పరీక్షను లెక్కచేయనివారును పట్టుబడిరి.

వీరందరు ఇంటికి వచ్చి ఏమైరి? ఇది కనుగొను పనిని సెయింట్ లూయిస్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన లీ రాబిన్స్ అను విదుషీమణికి అప్పగించిరి. 1971 సెప్టెంబరులో వియత్నాం విడిచి వచ్చిన సైన్యపు సిపాయిలు సుమారు 13,760 మంది. వారిలో సుమారు 1,400 మందికి పరీక్షలో మత్తు బయటపడినది. ఆ మొత్తమునుండి కొందరిని, పట్టుబడినవారినుండి కొందరిని ఏరి, వారు దేశములో దిగిన 8 నుండి 12 నెలలకు మనుష్యులను పంపి ప్రశ్నలు అడిగించిరి. దాదాపు 900 మంది సమాధానము చెప్పిరి. వారి మూత్రమును కూడ అడిగి తీసికొని పరీక్షించిరి. అందుచేత కేవలము మాటలను నమ్మి కూర్చుండవలసిన అవసరము లేకపోయెను.

తేలిన విషయములు ఇవి. వియత్నాంలో ఉండగా దాదాపు సగము మంది నల్లమందునో హెరాయిన్‌నో ఒకసారియైన రుచి చూచిరి. నూటికి సుమారు 20 మంది వ్యసనపరులైరి. ఇంటికి వచ్చిన పిమ్మట మొదటి సంవత్సరములో, ఆ వ్యసనపరులలో మరల వ్యసనములో పడినవారు నూటికి 5గురు. మూడేండ్ల పర్యంతము చూచినను, ఆ కాలములో ఎప్పుడైన కొద్దిరోజులకైనను మరల పడినవారు నూటికి 12 మంది. అమెరికాలోని మామూలు రోగుల సంగతి వేరు. కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టన్‌లో 1935లో తెరచిన పెద్ద ఆసుపత్రిలో నెలల తరబడి ఉండి మత్తు మాని వెలువడినవారిలో చాల ఎక్కువమంది మరల మొదలుపెట్టుచుండిరి. అక్కడ నెలల చికిత్స చేయలేనిది ఇక్కడ ఒక విమానప్రయాణము చేసినట్లు కనబడుచున్నది. చాలమంది ఈ అంకెలను మొదట నమ్మలేదు.

భయంకరమైన యుద్ధము చూచి, ఆ బాధ మరచుటకై మత్తు పట్టిరని మనకు తోచును. అడిగినప్పుడు వారు చెప్పినది అది కాదు. పెక్కురు వచ్చిన తొలినెలలలోనే, ఘోరమైన పోరు చూడకముందే మొదలుపెట్టిరి. హాయిగా ఉండెననియు, పటాలపు బ్రదుకును ఓర్చుకొనుటకు వీలాయెననియు చెప్పిరి. పని లేని గంటలు, ఇంటికి దూరము, చెంతనున్నవారందరు చేయుచుండుట, చేతికందు సరకు — ఇవి కారణములు. ఇందులో మూడు వంతులు క్షేత్రకాలముల సంగతియే కదా.

"అయితే ఊరు మార్చిన చాలును" అని ఈ కథనుండి తొందరపడి తీయువారు కలరు. అది పొరపాటు. ఆ సిపాయిలలో చాలమందికి అది ఏడాదిలోపలి అలవాటు. సూదితో కాక పొగగా పీల్చినవారే ఎక్కువ. ఇంటికి వచ్చిన పిమ్మట సరకు ఖరీదైనది, కల్తీది, పోలీసుల భయము గలది. సేనలో చేరకముందే మత్తు అలవాటున్నవారు ఇంటికి వచ్చి కూడ కొనసాగించు అపాయము ఎక్కువగా కనబడినది. వారికి ఇల్లే పాత వ్యసనక్షేత్రము. కావున ఊరు మారుటలో మహిమ లేదు. ఏ చోట, ఏ స్నేహితులతో, దినములో ఏ గంటలో అలవాటు అల్లుకొన్నదో, దానికి మనిషి దూరమైనాడా దగ్గరైనాడా అన్నదే చూడవలసిన విషయము.

మన పిల్లవాని ఇల్లు

ఇక మద్యము సంగతి. ఆ సిపాయిలలోనే మరియొక విచిత్రము కనబడినది. వియత్నాంలో మత్తుమందు పట్టినవారు అక్కడ త్రాగుడు తగ్గించిరి; ఇంటికి వచ్చి మత్తుమందు విడిచిన పిమ్మట త్రాగుడు పెంచిరి. హెరాయిన్ సముద్రమునకు ఆవల మిగిలిపోయినది. సీసా మాత్రము ఇంటి వీధి మొగలోనే కాచుకొనియుండెను.

మన యువకుని స్థితి దీనికి దగ్గరగా ఉన్నది. పటాలములో వానికి సాయంత్రము ఒక గంట, ఒక బల్ల, నలుగురు తోటివారు. అది ఒక క్షేత్రము. సెలవుకు వచ్చునప్పుడు ఇల్లు రెండవ క్షేత్రము. సెలవుకు వచ్చు జవానును ఊరిలో మొదట అడుగు మాట ఏదియో అందరికి తెలిసినదే: "కాంటీనునుండి ఏమి తెచ్చితివి?" మన ఇండ్లలో ఎవరును అడుగరనియే అనుకొందము. ఇంటి యజమాని అడుగును, పక్కింటి మామయ్య అడుగును, పెండ్లిలో వంటవారు అడుగుదురు. వానికి తెలియకయే వాడు ఊరికి మద్యము మోయు కూలివాడగుచున్నాడు. చికిత్స ముగించి వచ్చినవానిని కూడ "నీవు త్రాగవద్దు, మాకు తెచ్చి ఇమ్ము" అనువారు ఉన్నారు. ఇంతకన్న క్రూరమైన పరీక్ష వేరొకటి లేదు.

ఇటీవలి మార్పు ఒకటి కూడ మనము గమనింపవలెను. 2022లో ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము క్రింద చేరినవారు నాలుగేండ్లు కొలువు చేసి, నూటికి 25 మందికి మించకుండ నిలిచి, తక్కినవారు బయటికి వత్తురు. ప్రకటించిన నిబంధనలను బట్టి వారికి పింఛను లేదు. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకము పింఛనుదారులైనవారికి, వారి ఆశ్రితులకు ఏర్పడినది; వీరికి అది వర్తింపదు. ఇరువది అయిదేండ్లు నిండకముందే చేతిలో కొంత సొమ్ముతో, ఉదయము లేపు బూర లేక, ఏ పనియు కుదరక ఇంట కూర్చుండు యువకుని తలచుకొనుడు. పని లేని గంటలే అపాయకరమని వియత్నాం కథలో చూచితిమి.

శరీరమును గూర్చి కొన్ని మాటలు

ఇది వైద్యగ్రంథము కాదు. అయినను ఇంటివారికి తెలియక ప్రాణములు పోవు విషయములు కొన్ని కలవు. వాటిని చెప్పక తప్పదు.

చాలకాలము ప్రతిదినము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, కొన్ని గంటలలోనే చేతులు వణకుట, చెమట, నిద్రలేమి మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. రెండవ దినమునుండి నాలుగవ దినము వరకు కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరము వచ్చి, ప్రాణాపాయము కలుగును. "ఈ పర్వదినమునుండి మానివేసితిని" అని ప్రత్యాఖ్యానము పట్టి, ఆసుపత్రికి పోక, దానితోపాటు ఉపవాసము కూడ చేయుట మిక్కిలి ప్రమాదకరము. త్రాగుబోతు శరీరములో బి1 జీవసత్త్వము ముందే తరిగియుండును. వైద్యులు మొట్టమొదట ఇచ్చు వాటిలో అది ఒకటి. మొదట వైద్యుడు, ఆపై వ్రతము. ఉపవాసమునకు తరువాత చాల పర్వములు వచ్చును.

నల్లమందు జాతి మత్తు మానినప్పుడు ఒడలు నొప్పులు, ముక్కు కారుట, వాంతులు, విరేచనములు మొదలైనవి సుమారు ఒక వారము బాధించును. ప్రాణాపాయము అప్పుడు తక్కువ, తరువాత ఎక్కువ. కొన్ని వారములు మానిన శరీరము పాత మోతాదును ఓర్చుకొనలేదు. ఆసుపత్రి విడిచినవాడు ఒక్కసారి పాత కొలత తీసికొనినచో ఊపిరి ఆగి మరణింపవచ్చును. ఈ మాట ఇంటివారు కూడ తెలిసియుండవలెను. ఇట్టివారికి దీర్ఘకాలము ఇచ్చు బ్యుప్రెనార్ఫిన్ వంటి ఔషధములు ఉన్నవి. "ఒక మత్తు మాన్పి మరియొక మత్తు పెట్టుచున్నారు" అని వాటిని ఇంటివారు ఆపించుట కలదు. వైద్యుడు కొలిచి ఇచ్చునది వ్యసనము కాదు.

త్రాగిన వెంటనే శరీరమునకు బాధ కలిగించి భయపెట్టు డైసల్ఫిరామ్ అను మాత్రను కొందరు భార్యలు, తల్లులు పులుసులో రహస్యముగా కలిపి పెట్టుదురు. ఇది ప్రాణముతో చెలగాటము. తెలియక త్రాగిన మనిషి రక్తపుపోటు పడిపోయి చనిపోవచ్చును. మన దృష్టిలో అది మాయాచారము కూడ. తాను ఎరిగి, ఒప్పుకొని మింగినప్పుడే అది ఔషధము. సలహా కావలసినవారు జాతీయ వ్యసనవిముక్తి సహాయవాణి 14446 అను అంకెకు రుసుము లేకయే ఫోను చేయవచ్చును.

దేశవ్రతము

ఇప్పుడు అసలు పాఠమునకు వత్తము. మద్యత్యాగమును సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో మూలగుణములలోనే చేర్చిరి. మద్యము ఎందుకు కూడదనుటకు మనవారు చెప్పు ముఖ్యకారణము ప్రమాదము, అనగా ఎచ్చరిక తప్పుట. ప్రమత్తుడై ప్రాణమునకు చేయు హానియే హింస అని తత్త్వార్థసూత్రముయొక్క తాత్పర్యము. శ్వేతాంబర సంప్రదాయమున ప్రమాదమును అయిదు విధములుగా చెప్పునప్పుడు మొదట నిలిచినది మద్యమే. 1949లో ఆచార్య తులసి ప్రారంభించిన అణువ్రత ఉద్యమములోను వ్యసనరహిత జీవనము ఒక నియమముగా ఉన్నది. ఇదంతయు మనకు కంఠస్థమే. ఇదంతయు "ఏమి" విడువవలెనో చెప్పును.

"ఎక్కడ" అనుదానికి వేరుగా రెండు వ్రతములు కలవు. దిగ్వ్రతము: జీవితాంతము ఏ దిక్కున ఎంత దూరము దాటనో నిర్ణయించుకొనుట. దేశవ్రతము: ఆ హద్దును ఇంకను కుదించి, ఇంత కాలమువరకు ఈ వీధి, ఈ ఇల్లు, ఈ తోట దాటనని గిరి గీసికొనుట. ఉమాస్వాతి దీనిని దిగ్వ్రతము వెంటనే చెప్పగా, సమంతభద్రులు దేశావకాశికమను పేర శిక్షావ్రతములలో చేర్చిరి. శిక్ష అనగా అభ్యాసము. ఎక్కడ చేర్చినను, ఇది కొంతకాలమునకు, కొంతచోటికి మాత్రమే పట్టు చిన్న వ్రతము. జీవితాంతపు ప్రతిజ్ఞను చేయుటకు కాళ్లు వణకు యువకునికి, ఈ పదునైదు దినములు స్టేషను ప్రక్క వీధిలో అడుగుపెట్టనను వ్రతము పట్టుటకు వీలగును.

ఈ వ్రతమునకు చెప్పిన అతిచారములను చదివినప్పుడు, ఆ కాలపు ఆచార్యులు మనుష్యుల తంత్రములను ఎంత ఎరిగియుండిరో అని ఆశ్చర్యము కలుగును. అవి అయిదు. ఆనయనము: తాను హద్దు దాటడు గాని, హద్దు వెలుపలి వస్తువును లోపలికి తెప్పించుకొనును. ప్రేష్యప్రయోగము: మనిషిని పంపి అక్కడి పని జరిపించును. శబ్దానుపాతము: లోపలనుండియే దగ్గి, కేక వేసి, వెలుపలివానిని పిలుచును. రూపానుపాతము: గడపలో నిలిచి తన ముఖము చూపును, చూచినవాడే వచ్చును. పుద్గలక్షేపము: రాయి విసరి సైగ చేయును.

చికిత్సకేంద్రమునుండి వచ్చిన యువకుని ఇంట ఈ అయిదింటిని పెట్టి చూడుడు. దుకాణమునకు తాను పోడు; స్నేహితుడు సంచిలో తెచ్చును, ఇది ఆనయనము. తమ్ముని పంపును, ఇది ప్రేష్యప్రయోగము. ఫోనులో "ఏమిరా, ఏమి చేయుచున్నావు?" అని పాత జట్టును పలుకరించును, సీసా మాట ఎత్తనే ఎత్తడు, ఇది శబ్దానుపాతము. సాయంత్రము ఆరుగంటలకు అరుగుమీద కూర్చుండును, ఇది రూపానుపాతము. ఫోనులో ఒక గుర్తు మాత్రము పంపును. రాయి విసరుటకు దానికి భేదమేమి? వైద్యులు ఇట్టివానిని ముందుగా కాగితముమీద వ్రాయించి, ఒక్కొక్కదానికి ఏమి చేయవలెనో అభ్యాసము చేయింతురు. పేర్లు వేరు, పని ఒకటే. శ్రావకుడు సూత్రపాఠము చదివినవాడైనచో ఈ పట్టిక వానికి ముందే చేతిలో ఉన్నది. దానిని జ్ఞాపకము చేయుటకు ఒకడు కావలెను.

ఈ గిరి గీయుట ఆ యువకుడు ఒక్కడు చేయు పని కాదు. ఇంట మద్యముండరాదు. చుట్టముల విందులో పోయుచుండినచో ఆ నెలలలో వానిని పిలువకపోవుట మర్యాదయే. సాయంత్రము అయిదునుండి ఎనిమిదివరకు, అనగా పటాలములో బల్ల చుట్టు కూర్చుండు ఆ గంటలలో, వానికొక పని ఉండవలెను. మందిరములో పెద్దలకు తోడుగా శాస్త్రసభకు పోవుట, పిల్లలకు వ్యాయామము నేర్పుట, దుకాణములో లెక్కలు చూచుట, ఏదైనను సరే. సైనికుడు గంటల ప్రకారము బ్రదుకుట నేర్చినవాడు. దానిని మనము వృథా చేయుచున్నాము.

ఉపగూహనము, స్థితికరణము

సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు. వాటిలో ఉపగూహనమనగా పరుల దోషమును వీధిలో పెట్టక కప్పుట. దీనికి జినేంద్రభక్తుడను సేఠు కథ చెప్పుదురు. బ్రహ్మచారి వేషములో వచ్చిన దొంగ జినాలయపు ఛత్రములోని వైడూర్యమును అపహరించి పరుగెత్తుచు పట్టుబడగా, "నేనే తెమ్మంటిని" అని సేఠు జనుల ఎదుట కాపాడెను. ఇంతవరకు అందరు చెప్పుదురు. తరువాత ఏకాంతమున ఆ దొంగను మందలించి పంపివేసెను. ఇది కొందరు చెప్పుట మరచుదురు. ఉపగూహనము వీధినుండి కప్పుట. వైద్యునినుండి కప్పుట కాదు, ఆ మనిషినుండియే కప్పుట అంతకన్న కాదు. "మా వానికి కడుపులో పుండు" అని చెప్పి ఏండ్లు గడుపు కుటుంబములు ఉపగూహనము చేయుచున్నామనుకొనును, చేయునది రోగపోషణము. మరియొక ప్రక్క, చికిత్స పొంది వచ్చినవానిని పెండ్లిపందిరిలో వ్రేలు చూపి గుసగుసలాడువారు ఈ అంగమును పూర్తిగా విడిచినవారు. తెలుగువారము పరరాష్ట్రములలో కొద్ది ఇండ్లుగా ఉన్నచోట గుసగుస త్వరగా చుట్టివచ్చును. ఆ యువకుడు సంఘమునకు రాకపోవును. వానిని తిరస్కరింపక చేర్చుకొను చోటు ఒక్కటే మిగులును. అదెక్కడనో చెప్పనక్కరలేదు.

స్థితికరణమనగా జారుచున్నవానిని నిలుపుట. శ్రేణిక మహారాజు కుమారుడైన వారిషేణ మునికి పుష్పదాలుడను మిత్రుడు. స్నేహముచేత దీక్ష తీసికొనెను గాని, మనస్సు భార్యయందే చిక్కుకొనియుండెను. వారిషేణుడు అది కనిపెట్టి, వానిని వెంటబెట్టుకొని తన రాజభవనమునకే పోయి, తాను విడిచిన భార్యలను, భోగమును చూపి, "కావలెనన్న ఇవి తీసికొమ్ము" అనెను. పుష్పదాలుడు సిగ్గుపడి స్థిరుడాయెను. ఇందులోని ఉపాయమును క్రొత్తగా త్రాగుడు మానినవానిమీద ప్రయోగింపరాదు. సీసాల దుకాణమునకు తీసికొనిపోయి వైరాగ్యము బోధించుట మూర్ఖత్వము. ఈ కథలో నాకు నచ్చినది వేరు. వారిషేణుడు మిత్రుని మనస్సులోని కలతను పడకముందే కనిపెట్టెను. కనిపెట్టి వెళ్లగొట్టలేదు, వెంట నడచెను. తాను కూడ ఆ భోగమును విడిచినవాడు కావుననే అతని మాట పనిచేసినది. పటాలములో పనిచేసి, త్రాగి, మానిన పెద్దవాడొకడు మన సంఘములో ఉన్నచో, ఈ పనికి మనలో పదిమంది ఉపన్యాసకులకన్న ఆయన తగినవాడు.

జారిన దినము

తప్పక అడుగు ప్రశ్న ఒకటి మిగిలినది. మూడు నెలలు మాని, ఒక రాత్రి ఒక గ్లాసు త్రాగినవాని వ్రతము ఏమైనట్లు?

అమితగతి ఆచార్యులు తప్పును నాలుగు మెట్లుగా విభజించిరి. మనశ్శుద్ధి చెడుట అతిక్రమము. శీలమను కంచెను దాటుట వ్యతిక్రమము. విషయమును ముట్టుట అతిచారము. అందులో మితిమీరిన ఆసక్తితో మునుగుట అనాచారము. గ్లాసు మూడవ మెట్టున ఉన్నదని గమనింపుడు. దానికి ముందు రెండు మెట్లు ఒక్క చుక్క పడకయే దాటబడినవి: మొదట "ఒకనాడు త్రాగిన ఏమగును" అను తలపు, తరువాత ఆ వీధి వైపు నడక. నాలుగవ మెట్టు ఇంకను ఎక్కలేదు. వియత్నాంలో వ్యసనపరులైనవారిలో సుమారు సగము మంది ఇంటికి వచ్చి ఎప్పుడో ఒకసారి మరల ముట్టిరి. వారిలో పెక్కురు మరల వ్యసనపరులు కాలేదు. ముట్టవచ్చునని దీనికి అర్థము కాదు. పైన చెప్పినట్లు ఒక్కసారి ముట్టుటలోనే ప్రాణము పోవచ్చును. మూడవ మెట్టునుండి వెనుకకు దారి ఉన్నదని మాత్రమే దీని అర్థము. అలాన్ మార్లాట్ అను అమెరికా మనోవైజ్ఞానికుడు 1980 ప్రాంతములలో దీనిని గూర్చి వ్రాసెను: ఒక గ్లాసుతో "అంతయు చెడిపోయినది" అని తలచుకొనువాడే ఆ నిరాశతో సీసా పూర్తిచేయును. అతిచారమును అనాచారమని పిలుచు ఇంటివారు వానిని ఆ నాలుగవ మెట్టుమీదికి తామే నెట్టుచున్నారు.

మనకు ప్రతిక్రమణము దినమునకు, రాత్రికి, పక్షమునకు, నాలుగు నెలలకు, సంవత్సరమునకు ఏర్పడియున్నది. సంవత్సరమునకొకమారు క్షమాపణ చెప్పుట అందరును చేయుదురు. చికిత్సనుండి వచ్చినవానికి అంత దూరపు గడువు పనికిరాదు. మొదటి మూడు నెలలే మిక్కిలి జారుడు నేల. వానికి రాత్రి ప్రతిక్రమణమున నాలుగు మెట్లను వరుసగా అడుగుకొనుట, పక్షమునకొకసారి ఆ పెద్దవానితో కూర్చుండి పైకి చెప్పుట చాలును. గ్లాసు ముట్టితివా అని అడుగుట చివరి ప్రశ్నగా ఉంచి, ఈ పక్షములో ఏ వీధివైపు నడచితివి, ఎవరి ఫోను వచ్చినది, అరుగుమీద ఏ గంటకు కూర్చుంటివి అని మొదట అడుగవలెను. ఆ సంభాషణ జరుగునంతసేపు ఇంటివారు ప్రక్కగదిలో చెవియొగ్గి నిలువకుండిన మేలు. వాడు రెండవ మెట్టువరకు పోయి తిరిగివచ్చిన సంగతి నిర్భయముగా చెప్పునది అప్పుడే.